సాంబశివరావు గారి బోరులో పొణికి పొట్టు

2023 మే నెల. కొండపల్లికీ మైలవరానికీ మధ్య కొండల అంచున ఒక ఊళ్ళో మా రిగ్గు నిలబడి ఉంది. ఊరి పేరు రాయను, మా వల్ల ఆ ఊరికి పడిన తలనొప్పి చాలు. ఖనిజాలు వెతికే ఒక ప్రైవేటు సంస్థలో నేను అప్పటికి జూనియర్ జియాలజిస్టుని. చేరి రెండో ఏడు నడుస్తోంది. ప్రొబేషన్ ఇంకా తీరలేదు.

మా ఉద్యోగం గురించి తెలిసినవాళ్ళు మొట్టమొదట అడిగే మాట ఒక్కటే. "బంగారం దొరికిందా?" ఉయ్యూరులో మా పెద్దమ్మ దగ్గర్నుంచి విజయవాడ బస్సులో పక్క సీటు ఆవిడ దాకా అందరిదీ అదే ఆరా. లేదండీ, మేం వెతికేది క్రోమైట్, స్టెయిన్‌లెస్ స్టీలులో కలిపే క్రోమియం ఉండే నల్లరాయి అని చెబితే వాళ్ళ మొహం వాడిపోతుంది. "గిన్నెల కోసం ఎండలో పడి తిరుగుతున్నావా తల్లీ!" అని మా పెద్దమ్మ నిజంగానే బాధపడింది. నాకు ఒళ్ళు మండింది కానీ ఏం చెప్పినా వినేది కాదు, వదిలేశాను.

మా రిగ్గు చూడటానికి బోరు బండిలాగే ఉంటుంది. తేడా ఏమిటంటే బోరు బండి రాయిని పిండి చేసి ఊదేస్తుంది, మాది రాయిని గుండ్రటి కడ్డీలా కోసి పైకి తెస్తుంది. ఆ కడ్డీని కోర్ అంటాం. ఒకసారి దిగి మూడు మీటర్లు కోసి పైకి రావడం ఒక రన్. వచ్చిన ముక్కల్ని వరస తప్పకుండా పెట్టెలో పేర్చి, రన్ చివర లోతు రాసిన చెక్కముక్క పెడతారు. ఆ పెట్టెల ముందు గొంతుక్కూర్చుని ఏ లోతులో ఏ రాయి ఉందో రాసుకోవడం నా పని. ఇంకో పని కూడా ఉంది. మేం వేసే ఆ రంధ్రాన్ని, అంటే హోల్‌ని, ఎక్కడ ఆపాలో చెప్పాల్సింది సైటులో ఉన్న జియాలజిస్టే. దాన్ని ఎండ్ ఆఫ్ హోల్ అంటారు. పేరుకి అది నా అధికారం. జరిగేది మాత్రం విజయవాడ ఆఫీసు నుంచి ప్రాజెక్టు మేనేజరు మూర్తి గారు ఫోన్లో చెప్పడం, నేను రాయడం.

డ్రిల్లర్ ఖాదర్ గారిది విజయవాడే. నా వయసుకంటే ఎక్కువ కాలం రిగ్గుల మీద గడిపిన మనిషి. నన్ను నోరారా మేడం అనేవారు, కానీ ఆ మేడంలో "పాపా, కాస్త పక్కకి జరుగు" అని వినపడేది. మొదట్లో ఉడుక్కునేదాన్ని. తర్వాత అలవాటైంది.

రిగ్గు ప్రభుత్వ భూమిలోనే ఉంది, కానీ అక్కడికి దారి సాంబశివరావు గారి పొలంలోంచి. ఆయనకి మామిడి అంట్ల నర్సరీ ఉంది. పచ్చ నెట్టు కింద సంచుల్లో బంగినపల్లి, రసాలు, ఇంకా ఏవేవో రకాల అంటు మొక్కలు వరసలు వరసలుగా ఉండేవి. తొలకరి పడగానే రైతులు వచ్చి పట్టుకెళతారు. ఏడాదంతా ఆయన, ఆయన భార్య రాజ్యం గారు వాటిని సాకేది ఆ కొద్ది రోజుల అమ్మకం కోసమే. మే ఎండల్లో ఆ మొక్కలకి పూటపూటా నీళ్ళు పడాలి. ఆ నీళ్ళకి ఉన్నది ఒక్క బోరు. కొండ దగ్గర నేల కదా, అంతకుముందు వేయించినవన్నీ దుమ్ము తప్ప ఏమీ ఇవ్వలేదట. ఇదొక్కటే పదేళ్ళుగా ధార తగ్గకుండా పోస్తోంది.

దారి అడగడానికి మూర్తి గారు స్వయంగా వచ్చినప్పుడు సాంబశివరావు గారు అడిగింది ఒకే ఒక్క మాట. "మా బోరుకి ఏమన్నా అవుద్దా అండీ?"

"అబ్బే, దానికీ దీనికీ సంబంధమే లేదండీ. మేం వేసేది మీ పొలంలో కాదుగా," అన్నారు మూర్తి గారు. అది నిజమే. కానీ మా హోల్ నిటారుగా దిగదు. పొరల్ని అడ్డంగా కోయడానికి ఏటవాలుగా వేస్తాం. పైన రిగ్గు కొండ పక్కన ఉంటే, కింద మా రాడ్లు ఆయన నర్సరీ అడుగుకి వెళుతున్నాయి. ఆ సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు.

ఆ రోజు పొద్దున్నే రిగ్గుకి వాటర్ లాస్ వచ్చింది. రాడ్ల లోపలి నుంచి మేం పంపే నీళ్ళు బిట్టుని చల్లబరిచి, రాతిపొడిని మోసుకుని మళ్ళీ పైకి రావాలి. రాకపోతే లోపల ఏదో పగులు తాగేస్తోందని అర్థం. ముందు రోజు నుంచే రావడం తగ్గింది. ఆ పొద్దున బొత్తిగా ఆగిపోయింది. జిగట మట్టి బెంటొనైట్ కలిపి పంపారు. చుక్క కూడా తిరిగి రాలేదు.

"పొట్టు కొడదాం మేడం, ఎట్టాంటి పగులైనా మూసుకోవాల్సిందే," అన్నారు ఖాదర్ గారు. డ్రిల్లర్లు ఇలాంటప్పుడు ఊక, పేడ, రంపపు పొట్టు ఏది దొరికితే అది కలిపి పంపుతారు. లోపల ఉబ్బి పగుళ్ళలో కూరుకుంటుంది. ఖాదర్ గారి బావమరిది కొండపల్లిలో బొమ్మలు చెక్కే చోట పనిచేస్తాడు. అక్కణ్ణించి గోతాల్లో తెప్పించిన పొట్టు మా దగ్గర సిద్ధంగా ఉంది. బొమ్మలు చేసే తెల్ల పొణికి చెక్కది. దూదిలా తేలిక. మధ్యమధ్యలో ఎర్రరంగు, పచ్చరంగు పూసిన సన్నటి పెచ్చులు కూడా ఉన్నాయి. సరేనన్నాను. పొట్టు వెళ్ళింది. నీళ్ళు మాత్రం తిరిగి రాలేదు.

మూర్తి గారికి ఫోన్ చేస్తే, "నీళ్ళు రిటర్న్ లేకపోయినా పోనీ. టార్గెట్ ఇంకెంతో దూరం లేదు," అన్నారు. కళ్ళకి గంతలు కట్టుకుని నడిచినట్టే అది, అయినా చేస్తారు. రిగ్గు మళ్ళీ మొదలైంది.

ఒక గంట గడిచిందేమో. రాజ్యం గారు స్టీలు బకెట్టు పట్టుకుని గట్టు మీదుగా వస్తున్నారు. నడకలోనే ఏదో తేడా ఉంది.

"అమ్మాయ్, ఇదేంటో చూడు. నీళ్ళు చూస్తే పాలు కలిపినట్టున్నయ్. తొట్టినిండా ఏదో తెల్లగా తేలతంది. గేదె మూతి కూడా పెట్టలా."

బకెట్టులో చెయ్యి పెట్టాను. వేళ్ళకి తెల్లటి పొట్టు అంటుకుంది. దాంట్లో ఒక ఎర్రటి పెచ్చు. బొమ్మ మీద వేసే ఆ ఎరుపు ఆ చుట్టుపక్కల భూమిలో ఎక్కడా ఉండదు. 

ఖాదర్ గారు కూడా చూశారు. చూసి, గొంతులో ఏ మార్పూ లేకుండా, "ఫిల్టరు పోయుంటదమ్మా. మెకానిక్కుని పిలిపించండి," అన్నారు. నాకు మాత్రం ఊరుకోమని కళ్ళతో సైగ.

నాకు చిన్నప్పటి నుంచీ ఇదే రోగం. ఎవరన్నా ఊరుకోమంటే ఊరుకోలేను.

"ఫిల్టరు కాదండీ. ఈ పొట్టు మాది. మా హోల్లోంచి మీ బోరులోకి వచ్చింది," అన్నాను.

"మా పొలంలో వెయ్యం అన్నారుగా?"

"పైన వెయ్యలేదండీ. కింద నుంచి వచ్చాం."

రాజ్యం గారు నన్ను ఎగాదిగా చూశారు. "దొంగల్లాగా కన్నం వేసుకునా?" అని, చీర కొంగులోంచి ఫోన్ తీసి భర్తకి చేశారు. ఖాదర్ గారు తల పట్టుకున్నారు. "అయిపోయింది మేడం. ఇక రిగ్గు ఇక్కడ్నుంచి కదలనివ్వరు."

కదలనివ్వలేదు. సాంబశివరావు గారు ట్రాక్టరు వేసుకొచ్చి, దారికి అడ్డంగా నిలిపి, తాళం చెవి తీసి చొక్కా జేబులో వేసుకున్నారు. కేకలు వేస్తారనుకున్నాను. దానికి సిద్ధపడ్డాను కూడా. ఆయన వేయలేదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"మోటారు గాలి లాగతందమ్మా. పొద్దున నిండుగా పోసింది. ఇప్పుడు గుక్కలు పెడతంది. కాలిపోద్దని కట్టేసొచ్చా," అన్నారు. నర్సరీ వైపు చూపించి, "ఈ ఎండకి ఆ మొక్కలు ఎల్లుండి దాకా ఉండవు," అన్నారు.

నీళ్ళు తెల్లగా మారడం వేరు, తగ్గిపోవడం వేరు. మొదటిది నాకు అర్థమైంది. రెండోది కాలేదు. మేం నీళ్ళు లోపలికి పంపుతుంటే ఆయన బోరులో నీళ్ళు పెరగాలి కానీ తగ్గడం ఏమిటి? రిగ్గు ఆపించాను. పంపు చప్పుడు ఆగాక హోల్ మూతి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని చెవి ఆనించాను.

లోపల నీళ్ళు పడుతున్నాయి. ఎక్కడో పై నుంచి ఎక్కడో కిందికి, ఆగకుండా, ధారగా.

అది విన్నాక అర్థమైంది. మా హోల్ దారిలో రెండు పగుళ్ళు తగిలాయి. పైది సాంబశివరావు గారి బోరుకి నీళ్ళిచ్చే ఊట. కిందది ఖాళీ పగులు, ఎంత పోసినా నిండనిది. ఆ రెంటికీ మధ్య ఇన్నాళ్ళూ గట్టి రాయి ఉంది. మేం ఆ రాయికి చిల్లు పెట్టాం. ఇప్పుడు ఆయన నీళ్ళన్నీ ఆ చిల్లులోంచి కిందికి దిగిపోతున్నాయి. పదేళ్ళ ఊట మా కళ్ళ ముందే ఖాళీ అవుతోంది.

సాంబశివరావు గారిని పిలిచి, "వినండి," అన్నాను. ఆయన నేల మీద పడుకుని చెవి పెట్టారు.  రాజ్యం గారు "ఏంటండీ, ఏంటీ?" అని అడుగుతున్నా చెవి తీయలేదు. లేచాక చెంపకి అంటిన మట్టి కూడా తుడుచుకోలేదు.

"మన నీళ్ళే," అన్నారు ఆవిడతో.

నేను మూర్తి గారికి ఫోన్ చేశాను. "సార్, హోల్ ఆపేస్తున్నాను."

"ఆపేస్తున్నావా? ఎవరు చెప్పారు?"

"నేనే సార్. రైతు బోరు ఖాళీ అవుతోంది. సిమెంటు వేసి పూడ్చాలి."

"మాధవీ, బుర్రుండే మాట్లాడుతున్నావా? క్రోమైట్ బ్యాండు నాలుగు రన్‌ల కింద ఉంది. ఈ హోల్ పోతే ఈ బ్లాక్ అంతా మూసుకోవాల్సిందే. ముందు టార్గెట్ కొట్టు. రైతు సంగతి నేను చూసుకుంటా, పరిహారం ఇప్పిద్దాం."

"పరిహారం పోస్తే మొక్కలు బతకవు సార్."

"నీ కన్ఫర్మేషన్ ఈ నెల్లోనే ఉంది. అది గుర్తుంచుకుని మాట్లాడు."

మూర్తి గారు చెడ్డ మనిషి కాదు. నాకు ఫీల్డులో సుత్తి పట్టుకోవడం నేర్పింది ఆయనే. ఆయన పైన కూడా అడిగేవాళ్ళున్నారు. కానీ ఆ చప్పుడు ఆయనకి వినపడటం లేదు, నాకు వినపడుతోంది.

"ఎండ్ ఆఫ్ హోల్ సార్," అన్నాను. జీవితంలో మొదటిసారి ఆ మాట నా అంతట నేను అన్నాను.  ఫోన్ పెట్టేసి కోర్ పెట్టెల దగ్గరికి నడిచాను.

పూడ్చడం అంటే సిమెంటు పోసేయడం కాదు. అసలు కష్టం అక్కడే. సిమెంటు కింది పగులు వరకే ఉండాలి. కాస్త ఎక్కువై పై పగులులోకి వెళ్ళిందా, ఆయన ఊట శాశ్వతంగా మూసుకుపోతుంది. తక్కువైతే నీళ్ళు కారుతూనే ఉంటాయి. రెండు పగుళ్ళ మధ్య గట్టి రాయి ఎంత మందం ఉందో తెలియాలి. అది చెప్పాల్సింది నా పెట్టెలు.

పై పగులు తేలిగ్గానే దొరికింది. ఎన్నో ఏళ్ళు నీళ్ళు పారి రాయి అంచులకి తుప్పు రంగు పట్టింది. కింది పగులు ఉన్న రన్ దగ్గరే చిక్కు. ఆ రన్‌లో మూడు మీటర్ల కోర్ రావాల్సింది సగమే వచ్చింది. మిగతాది లోపలే పొడై పోయింది. దాన్ని కోర్ లాస్ అంటాం. పోయిన రాయి ఆ మూడు మీటర్లలో ఎక్కడిదో ఎవరికీ కనపడదు. అందుకని మా పనిలో ఒక ఆనవాయితీ ఉంది. వచ్చిన ముక్కల్ని పైకి జరిపి పేర్చి, పోయినదంతా రన్ చివరిదే అన్నట్టు అడుగున ఖాళీ వదిలి చెక్కముక్క పెడతారు. ఎక్కడ చూసినా అంతే.

ఖాదర్ గారు పెట్టెలో ఆ ఖాళీ చూపించారు. "ఇదిగో మేడం, పగులు అడుగున ఉంది. ఊటకి దూరం బాగానే ఉంది. రన్ మధ్య దాకా సిమెంటు తెస్తే చాలు. ఏ ప్రమాదమూ లేదు."

వినడానికి హాయిగా ఉంది. నమ్మేద్దామనిపించింది కూడా. కానీ ఆ ఖాళీ భూమి పెట్టింది కాదు, మేం పెట్టింది. చెక్కముక్క తీసేసి, ఆ రన్ ముక్కలన్నిటినీ ఒక్కొక్కటిగా కిందికి జరిపాను. ఎండకి రాయి చెయ్యి కాలుస్తోంది. చివరి ముక్క అడుగుని కింది రన్ మొదటి ముక్కకి ఆనించి నెమ్మదిగా తిప్పాను. ఒకచోట టక్కున కూర్చుంది. వెంట్రుకంత సందు కూడా లేదు.

"ఖాదర్ గారూ, ఇలా రండి. ఈ రెండూ ఒకటే రాయి. ఇక్కడ ఏమీ పోలేదు."

ఆయన వంగి చూసి, తనూ తిప్పి చూశారు. తర్వాత నేను రన్ మొదటి ముక్క పై అంచు చూపించాను. అరిగి గుండ్రంగా అయిపోయింది. పై రన్ చివరి ముక్కకి ఎలా తిప్పినా అతకలేదు. పోయింది రన్ పై భాగం. పగులు అడుగున లేదు, పైన ఉంది. అంటే ఊటకీ దానికీ మధ్య గట్టి రాయి మేం అనుకున్నంత లేదు. నా రెండు చేతులు చాపినంత ఉంటే ఎక్కువ.

ఖాదర్ గారి మొహం పాలిపోయింది. "అంత దగ్గరకి సిమెంటు తెస్తే ఊట మూసుకుపోద్ది మేడం. వద్దు. కింద వేసి వదిలేద్దాం. మన మీదకి రాదు."

"కింద వేస్తే వృథా కదా. నీళ్ళు పోతూనే ఉంటాయి."

"మీ లెక్క తప్పయితే?"

 సాంబశివరావు గారి దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఏమీ చేయకపోతే బోరు ఎండుతుంది. చేస్తే నిలవచ్చు, పూర్తిగా పోనూవచ్చు. మీరు ఒప్పుకుంటేనే చేస్తాను అన్నాను.

ఆయన నా వైపు చూసి, "ఎంత నమ్మకంగా చెబుతున్నావమ్మా?" అన్నారు.

"పూర్తి నమ్మకం లేదండీ."

 ఆయన నెట్టు వైపు చూస్తూ నిలబడ్డారు. అక్కడ లేత ఆకులు అప్పటికే తలలు వేలాడేస్తున్నాయి. రాజ్యం గారే అందుకున్నారు. "నమ్మకం లేదని ఉన్నమాట చెప్పిందిగా, కానివ్వండి. ఆ రోజు ఏం కాదని చెప్పినాయన మాట ఏమైందో చూశాంగా."

సాంబశివరావు గారు జేబులోంచి తాళం చెవి తీశారు. ఆ ట్రాక్టరు మీదే మైలవరం వెళ్ళి సిమెంటు తెచ్చారు. ఈలోగా మా వాటర్ ట్యాంకరు నర్సరీలోకి పంపించాను. రిగ్గు మీది మనుషులు, రాజ్యం గారు కలిసి బకెట్లతో మొక్కలకి పోశారు. అన్నిటికీ అందలేదు. ఆవిడ ఏ వరసకి పోయాలో, ఏది వదిలెయ్యాలో చెబుతుంటే వినడం నాకు చాలా కష్టమైంది.

సిమెంటు పని మధ్యాహ్నం మొదలుపెట్టాం. ముందు అడుగున కంకర చిప్స్ నింపాం. తర్వాత త్వరగా గట్టిపడే పొడి కలిపిన చిక్కటి సిమెంటు, రాడ్ల లోపలి నుంచి, కొద్దికొద్దిగా. రాడ్ల లోపలి నుంచి అయితే దారిలో ఆయన ఊటకి తగలకుండా కిందికే వెళుతుంది. ప్రతిసారీ కాసేపు ఆగి, రాడ్డు దించి, సిమెంటు ఎంతవరకు వచ్చిందో తాకి చూడాలి. మొదటిసారి దించితే రాడ్డుకి ఏమీ తగల్లేదు. రెండోసారీ తగల్లేదు. పోసిందంతా పగులు మింగేస్తోంది. చెవి పెడితే నీళ్ళు అలాగే పడుతున్నాయి.

"ఇంకా వెయ్యాలా మేడం?" అన్నారు ఖాదర్ గారు. ఆయన చొక్కా తడిసి ముద్దయింది.

"వెయ్యండి."

ఆ తర్వాత రాడ్డుకి మెత్తగా ఏదో తగిలింది. చెవి పెట్టాను. చప్పుడు సన్నబడింది, కానీ ఆగలేదు. అంటే పగులు పై అంచు ఇంకా తెరిచే ఉంది. ఇంకొక్క విడత వెయ్యాలి. అది ఎక్కువైతే ఊట పోతుంది. ఎంత వెయ్యాలన్నది నేలమీద పుల్లతో గీసి రెండుసార్లు లెక్క కట్టాను. రెండుసార్లూ ఒకే జవాబు వచ్చింది. 

"సగం బకెట్టు," అన్నాను చివరికి.

ఖాదర్ గారు "యా అల్లా" అనుకుని పోశారు. రాడ్లు పైకి లాగేశారు. అందరం హోల్ మూతి చుట్టూ నిలబడ్డాం. సాంబశివరావు గారు మళ్ళీ నేల మీద పడుకుని చెవి పెట్టారు.

"పడతంది," అన్నారు. కాసేపటికి, "తగ్గింది." ఇంకాసేపటికి తల ఎత్తి నా వైపు చూశారు. "ఆగిపోయిందమ్మా."

రిగ్గు మనుషులు చప్పట్లు కొట్టబోతే ఖాదర్ గారు కసిరారు. ఎందుకంటే ఆగడానికి రెండు కారణాలుంటాయి. కింది దారి మూసుకున్నా చప్పుడు ఆగుతుంది, పైన ఊట మూసుకున్నా ఆగుతుంది. రెండూ ఒకేలా వినపడతాయి. ఊట బతికి ఉంటే ఇక మా హోల్లో నీళ్ళు కిందికి పోయే దారి లేక నిలబడి పైకి రావాలి. టేపు చివర నీటికి తగిలితే కూతపెట్టే పరికరం ఒకటి ఉంటుంది. అది దించాను. కూత లేదు. మళ్ళీ చూశాను. లేదు. మూడోసారి దించబోతుంటే ఖాదర్ గారు టేపు అందుకుని, "కూర్చోండి మేడం," అన్నారు. ఈసారి ఆ మేడంలో వేరే ఏమీ వినపడలేదు.

పొద్దు వాలుతుండగా టేపు కూసింది. ఇంకాసేపాగి దించితే ఇంకాస్త పైనే కూసింది. నేను ఏడ్చేశాను. సిగ్గు కూడా పడలేదు.

సిమెంటు గట్టిపడేదాకా మోటారు వెయ్యకూడదు. మర్నాడు ఎండెక్కకముందే అందరం బోరు దగ్గరికి చేరాం. సాంబశివరావు గారు స్టార్టరు పెట్టె తలుపు తీసి, పచ్చ బటన్ మీద వేలు ఉంచి, నొక్కకుండా అలాగే నిలబడిపోయారు.

"నొక్కండి," అన్నారు రాజ్యం గారు.

ముందు గాలి వచ్చింది. తర్వాత బురద, దాని వెనక మా తెల్లటి నీళ్ళు, పొణికి పొట్టు. ఆ తర్వాత నీళ్ళు తేరుకున్నాయి. మునుపటంత లావు ధార కాదు. మా బెంటొనైటూ పొట్టూ ఎక్కడెక్కడ కూరుకున్నాయో ఏమో, పైపు నిండా రాలేదు. రాజ్యం గారు దోసిలి పట్టి చూసి, మరో మాట లేకుండా గేటు వాల్వు నర్సరీ వైపు తిప్పారు. చివరి వరసల్లో కొన్ని మొక్కలు అప్పటికే పోయాయి. మిగిలినవి నిలబడ్డాయి.

నా కన్ఫర్మేషన్ ఆరు నెలలు వెనక్కి వెళ్ళింది. ఆ హోల్ కింద క్రోమైట్ ఉందో లేదో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. అప్పటి నుంచి నా పెట్టెల్లో కోర్ పోయినచోట, ముక్కలు అతికించి చూడకుండా చెక్కముక్క పెట్టనివ్వను. అతకకపోతే ఎక్కడిదో తెలియదని రాస్తాను. వృత్తిపరంగా ఆ కేసు నేర్పింది అది. రిగ్గు తీసుకుని బయల్దేరేటప్పుడు సాంబశివరావు గారు చెప్పింది వేరే.

దారి పక్కన నిలబడి ఉన్నారు. దిగి నమస్కారం పెట్టాను. ఆయనా పెట్టారు.

"మళ్ళీ ఇటు రాకండమ్మా," అన్నారు.

"కోపంగా ఉందాండీ?"

"నీ మీద కోపం ఎందుకుంటది? నువ్వు చెయ్యగలిగింది చేశావు. అది కాదు." బోరు వైపు తల తిప్పారు. "ఇన్నేళ్ళూ పొద్దున్నే లేచి, పళ్ళు తోముకుంటానే ఆ బటన్ నొక్కేవాణ్ణి. చూసేవాణ్ణి కూడా కాదు. ఇయ్యాల దాని ముందు నిలబడితే చెయ్యి రావట్లేదు. రేపు కూడా రాదు. ఇక ఎప్పుడూ అంతేనేమో."

కోపమైతే ఏదో ఒకటి చెప్పి ఉండేదాన్ని. అప్పటికి నాకు తెలిసిందల్లా రాయి, నీళ్ళు, వాటి లెక్కలు. మేం పూడ్చగలిగింది పూడ్చాం, బోరు పోస్తోంది, ఇంకేం కావాలనుకున్నాను. ఇప్పుడు ఏ ఊళ్ళో రిగ్గు దించాల్సి వచ్చినా, ముందు చుట్టుపక్కల ప్రతి బోరు స్టార్టరు దగ్గరికీ వెళతాను. ఆ ఇంటి మనిషి రోజూ బటన్ ఎలా నొక్కుతారో నిలబడి చూస్తాను. నీటి మట్టం కొలిచేది ఆ తర్వాతే.